బడిపిల్లల చేతిమీద టీబీ పరీక్ష: ఏ సూది ఏ ప్రశ్నకు జవాబు చెబుతుంది?

ఒక పన్నెండేళ్ళ అమ్మాయికి ఒకేరోజు ఎడమ ముంజేతిమీద ఒకే సూదితో మాంటూక్స్ టెస్ట్, కుడి ముంజేతిమీద ఆరు సూదులతో హీఫ్ టెస్ట్ చేశారనుకుందాం. రెండూ టీబీ క్రిమి సోకిందేమో చూసే చర్మపరీక్షలే. మూడోరోజు చూస్తే ఎడమచేతిమీద 8 మిల్లీమీటర్ల గట్టి పొంగు ఉంది. వారానికి చూస్తే కుడిచేతిమీద ఆరు సూది గుర్తులూ కలిసిపోయి గుండ్రంగా ఉంగరం కట్టాయి. మన పిల్లల డాక్టర్లు పాటించే 10 మిల్లీమీటర్ల హద్దు ప్రకారం ఎడమచెయ్యి నెగటివ్. బ్రిటన్ బడుల్లో యాభై ఏళ్ళు నడిచిన లెక్క ప్రకారం కుడిచెయ్యి గ్రేడ్ 2, అంటే పాజిటివ్.

ఇందులో ఏ పరీక్షా అబద్ధం చెప్పలేదు. ఆ బ్రిటిష్ లెక్కలోనే మాంటూక్స్ 5 నుంచి 14 మిల్లీమీటర్లు వస్తే హీఫ్ గ్రేడ్ 2తో సమానమని రాసి ఉంది. అంటే రెండు చేతులూ చెప్పింది ఒకటే. పాజిటివ్, నెగటివ్ అనే గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం రెండు దేశాలూ తమ తమ అవసరాన్నిబట్టి నిర్ణయించుకున్నాయి. ‘ఏ టెస్ట్ మంచిది?’ అన్న ప్రశ్నకు సూటిగా జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే. ముందు ఇంకో ప్రశ్న అడగాలి: ఫలితం వచ్చాక ఆ పిల్లల విషయంలో ఏం చేద్దామనుకుంటున్నాం?

చర్మపరీక్ష టీబీ క్రిములను వెతకదు. క్రిమి నుంచి తీసిన ప్రొటీన్లను చర్మంలోకి ఎక్కించి, శరీరంలోని రక్షణకణాలు వాటిని గుర్తుపడతాయా లేదా అని చూస్తుంది. గుర్తుపడితే రెండు మూడు రోజుల్లో అక్కడికి కణాలు చేరి చర్మం గట్టిపడుతుంది. అంటే ఈ బిడ్డ శరీరానికి ఎప్పుడో ఒకప్పుడు ఆ క్రిమితోనో, దాని బంధువుతోనో పరిచయమైందని అర్థం. అది గత నెలలో జరిగిందో, ఆరేళ్ళ కిందటో పరీక్ష చెప్పదు. జబ్బు ఉందో లేదో కూడా చెప్పదు. టీబీ క్రిమి సోకినవాళ్ళలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి ఐదు నుంచి పదిమందే. పసిపిల్లల్లో ఈ ప్రమాదం చాలా ఎక్కువ. అందుకే పాజిటివ్ రాగానే ‘మా బాబుకి టీబీ’ అని ఇల్లంతా టెన్షన్ పడాల్సిన పనిలేదు, నెగటివ్ వచ్చిందని గండం గడిచిందనుకోనూకూడదు. తీవ్రమైన పోషకాహార లోపం, ఈమధ్యే వచ్చిన తట్టు, హెచ్ఐవీ, ఆఖరికి ఒళ్ళంతా పాకిన టీబీ కూడా ఈ స్పందనను అణచివేస్తాయి. క్రిమి సోకిన తొలి వారాల్లో పరీక్ష చేసినా ఏమీ కనబడదు. స్పందన పుట్టడానికి రెండు నుంచి పది వారాలు పట్టవచ్చు.

క్రిమి నుంచి తీసిన ఆ ప్రొటీన్ల ద్రవమే ట్యూబర్‌క్యులిన్. దాన్ని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1890లో టీబీకి మందుగా ప్రకటించాడు. మందుగా అది ఘోరంగా విఫలమైంది, పరీక్షగా బతికింది. 1907లో వియన్నాలో పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే చర్మాన్ని కాస్త గీకి దానిమీద ట్యూబర్‌క్యులిన్ చుక్క వేశాడు. పైకి ఏ జబ్బూ లేని నగర పిల్లల్లో చాలామందికి పెద్దయ్యేలోపే క్రిమి సోకుతోందని దీనితోనే తేలింది. అదే ఏడు కంట్లో చుక్క వేసే పద్ధతి కూడా వచ్చింది గానీ, కళ్ళకు హాని జరుగుతుండడంతో దాన్ని వదిలేశారు. 1908లో ఎర్న్‌స్ట్ మోరో లేపనంగా రాసి చూశాడు. ఆ ఏడాదే జర్మనీలో ఫెలిక్స్ మెండెల్, ఫ్రాన్స్‌లో షార్ల్ మాంటూ విడివిడిగా ఒకే ఆలోచన చేశారు: సన్నని సూదితో కొలిచిన మోతాదును చర్మం పొరలోపలే ఎక్కించడం. మన ల్యాబుల్లో మాంటూక్స్ టెస్ట్ అంటున్నది ఇదే. గీకడం, రాయడం, చుక్క వేయడం అన్నిటికీ లేనిది దీనికి ఉంది: లోపలికి ఎంత వెళ్ళిందో తెలుస్తుంది.

మరి అంత మంచి పద్ధతి ఉండగా బ్రిటన్ బడుల్లోకి హీఫ్ టెస్ట్ ఎందుకొచ్చింది?

అక్కడ 1953 నుంచి బడిపిల్లలకు బీసీజీ టీకా వేయడం మొదలైంది. పుట్టగానే కాదు, పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడు. అప్పటికే క్రిమి సోకినవాళ్ళకు టీకా అక్కర్లేదు, వేస్తే చెయ్యి బాగా పుండు పడవచ్చు. కాబట్టి టీకాకు ముందు ప్రతి పిల్లకూ చర్మపరీక్ష చేయాలి. వందలమంది వరసలో నిలబడ్డ బడి హాలును ఊహించుకోండి. మాంటూక్స్‌లో 0.1 మిల్లీలీటరును సరిగ్గా చర్మం పొరలోకే ఎక్కించాలి, అప్పుడు 6 నుంచి 10 మిల్లీమీటర్ల తెల్లని బుడిపె లేవాలి. సూది కొంచెం లోతుకు పోతే మందు కిందికి జారిపోతుంది, బుడిపె లేవదు, ఆ పరీక్ష లెక్కలోకి రాదు. చెయ్యి గుంజుకునే పిల్లలు, అలసిపోయిన నర్సు, అంతటి చేతినైపుణ్యం అవసరమైన పని. ఈ మూడూ ఒకచోట పొసగవు.

ఫ్రెడరిక్ హీఫ్ 1951లో తెచ్చిన పరికరం ఈ ఇబ్బందిని తప్పించింది. ముంజేతిమీద గాఢమైన ట్యూబర్‌క్యులిన్ రాసి, పరికరాన్ని ఆనించి నొక్కితే ఆరు సూదులు ఒక్కసారిగా 2 మిల్లీమీటర్ల లోతుకు దిగుతాయి. పెద్ద నైపుణ్యం అక్కర్లేదు, క్షణంలో అయిపోతుంది. ఫలితాన్ని వారం తర్వాత చూడవచ్చు. నాకు వీటన్నిటిలో అసలు సౌలభ్యం ఆఖరిదే అనిపిస్తుంది. మాంటూక్స్‌ను 48 నుంచి 72 గంటల మధ్యే చూడాలి. గురువారం చేస్తే శని, ఆదివారాల్లో చూడాల్సి వస్తుంది, బడి ఉండదు. హీఫ్ అయితే ఈ మంగళవారం చేసి, వచ్చే మంగళవారం అదే బృందం అదే బడికి వెళ్ళి చూసి, అప్పుడే టీకా వేసి రావచ్చు.

చదవడమూ సులువే. కొన్ని చుక్కలు విడివిడిగా ఉబ్బితే గ్రేడ్ 1, కలిసి ఉంగరమైతే 2, మధ్య కూడా నిండి బిళ్ళయితే 3, పది మిల్లీమీటర్లు దాటినా బొబ్బలొచ్చినా 4. 0, 1 వచ్చినవాళ్ళకు టీకా. 2 వస్తే టీకా అక్కర్లేదు. 3, 4 వస్తే ఛాతీ క్లినిక్‌కు పంపాలి. ప్రతి గ్రేడుకూ ఏం చేయాలో ముందే తేల్చి ఉంది. ఈ పద్ధతి అన్నేళ్ళు నిలబడిందంటే కారణం కచ్చితత్వం కాదు, ఈ స్పష్టతే.

లోపం కూడా చిన్నదేం కాదు. రాసిన మందులో ఎంత లోపలికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. చెయ్యి కొలతతో కూరలో వేసిన ఉప్పులాంటిది: అనుభవం ఉన్నవాళ్ళ చేతిలో దాదాపు సరిగ్గానే పడుతుంది గానీ ఎంత వేశావంటే చెప్పలేరు. మొదట్లో ఆ సూదులనే స్పిరిట్‌లో ముంచి మంటలో కాల్చి మళ్ళీ వాడేవారు. రక్తం ద్వారా వ్యాపించే జబ్బుల భయం పెరిగాక ఒక్కసారి వాడి పారేసే సూదుల తలలు వచ్చాయి. 2005లో బ్రిటన్ బడుల్లో అందరికీ బీసీజీ వేయడం ఆపేసింది, హీఫ్ పరీక్షకు కావలసిన గాఢమైన ట్యూబర్‌క్యులిన్ తయారీ కూడా ఆగింది. అక్కడా మాంటూక్స్ మిగిలింది.

అమెరికాలో ఇలాంటిదే టైన్ టెస్ట్. నాలుగు మొనలకు ట్యూబర్‌క్యులిన్ పూసి ఆరబెట్టిన చిన్న బిళ్ళ, చేతిమీద నొక్కి పారేయడమే. డాక్టర్ గదిలో చేసి, ఇంట్లో తల్లే చూసి కార్డు పంపమనేవారు. ఇది హీఫ్‌కన్నా బలహీనం. ఎండిన మందు ఎంత కరిగిందో తెలియదు, చూసేది శిక్షణ లేని కన్ను. అందులో పాజిటివ్‌గా తోచినవాళ్ళకు మళ్ళీ మాంటూక్స్ చేసి నిర్ధారించుకోవాల్సి వచ్చేది. తప్పుగా నెగటివ్ వచ్చినవాళ్ళను మాత్రం ఎవరూ మళ్ళీ పిలవరు. 1990లు వచ్చేసరికి అక్కడి పిల్లల వైద్యులు ఈ గుచ్చే బిళ్ళలను వద్దనేశారు.

ఇక్కడ ఆగి ఒక చిక్కు చూడాలి. రెండు పరీక్షలను పోల్చాలంటే నిజం ఏమిటో తెలియాలి కదా. జబ్బయితే కఫంలో క్రిమి దొరుకుతుంది. పైకి కనబడని ఇన్ఫెక్షన్‌కు అలాంటి సాక్ష్యం లేదు. హీఫ్, మాంటూక్స్ నూటికి తొంభైమందిలో ఒకే ఫలితం ఇస్తే అవి ఒకదానితో ఒకటి ఏకీభవించాయనే అర్థం, రెండూ ఒప్పని కాదు. రెండూ కలిసి ఒకే తప్పు చేయవచ్చు. అందుకే మంచి పోలికలు చుట్టుదారిన వెళ్తాయి. కఫంలో క్రిమి తేలిన రోగుల్లో ఎంతమందిని పట్టుకుంటుందో చూస్తారు. టీబీ దాదాపు లేనిచోట పెరిగిన పిల్లల్లో ఎంతమందిని పొరపాటున పట్టుకుంటుందో చూస్తారు. రోగి ఉన్న ఇంట్లో ఆ మంచం పక్కనే పడుకునే పిల్లల్లో, వేరే గదిలో పడుకునే పిల్లల్లో, పొరుగింటి పిల్లల్లో పాజిటివ్‌లు క్రమంగా తగ్గుతున్నాయా అని చూస్తారు. తగ్గకపోతే ఆ పరీక్ష ఇంకేదో కొలుస్తోందన్నమాట.

బడిలో పోల్చేటప్పుడు ఇంకొన్ని జాగ్రత్తలు కావాలి. ఏ చేతికి ఏ పరీక్షో చీటీ తీసినట్టు నిర్ణయించాలి. ఒక చేతిని చూసినవాళ్ళు రెండోది చూడకూడదు. మనిషి కన్ను తెలియకుండానే రెండిటినీ కలిపేస్తుంది. స్కేలు పట్టుకున్నవాళ్ళు 5, 10, 15 వంటి గుండ్రటి అంకెల వైపు జారడం ఈ రంగంలో బాగా తెలిసిన జబ్బు. హద్దు 10 దగ్గరే ఉంటే 9ని 10 చేయడం ఒక పిల్ల ఫలితాన్నే తిప్పేస్తుంది. ఇంకా ముఖ్యంగా, కొలవాల్సింది గట్టిపడిన మేరను, ఎర్రదనాన్ని కాదు. చేతి పొడవునా కాదు, అడ్డంగా. బాల్ పెన్నుతో బయటినుంచి పొంగువైపు గీత లాగుతూ అడ్డుతగిలినచోట ఆపే పద్ధతి 1970ల నుంచి ఉంది. ఖర్చులేనిది, నేర్చుకోవడానికి ఎంతోసేపు పట్టనిది. మన ల్యాబుల్లో ఇప్పటికీ ఎర్రటి మచ్చను కొలిచి రిపోర్టు ఇచ్చే సందర్భాలున్నాయంటే బాధగా ఉంటుంది.

మోతాదు సంగతి మన ప్రాంతంతో నేరుగా ముడిపడింది. మనదేశంలో బీసీజీ టీకా మొదలైంది 1948 ఆగస్టులో, మదనపల్లెలో. 1915 నుంచి అక్కడున్న ఆరోగ్యవరం టీబీ శానిటోరియం అప్పటికే దక్షిణాదిలో పేరున్న చోటు. 1951 నుంచి దేశమంతటా సాగిన టీకా ఉద్యమంలో ముందు చర్మపరీక్ష, మూడు రోజుల తర్వాత ఫలితం చూసి నెగటివ్ వచ్చినవాళ్ళకే టీకా. రెండోసారి రానివాళ్ళు ఊరూరా మిగిలిపోయేవారు. చివరికి 1960ల్లో పరీక్ష లేకుండా నేరుగా టీకా వేయడం మొదలుపెట్టారు. నా ఉద్దేశంలో అది సరైన నిర్ణయం. పరీక్ష మంచిదే అయినా, అది టీకాకు అడ్డుపడుతుంటే పక్కన పెట్టాల్సిందే.

ఆ రోజుల్లోనే ఇంకో విషయం బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున కోపెన్‌హేగన్‌లో ఉన్న టీబీ పరిశోధన కార్యాలయం అనేక దేశాల బడిపిల్లల మాంటూక్స్ కొలతలను పక్కపక్కన పెట్టి చూసింది. డెన్మార్క్‌లాంటి చోట్ల పిల్లలు రెండు గుంపులుగా స్పష్టంగా విడిపోయారు: దాదాపు ఏమీ రానివాళ్ళు, పెద్ద పొంగు వచ్చినవాళ్ళు. మధ్యలో ఖాళీ. దక్షిణ భారతంలో ఆ ఖాళీ లేదు. 5, 7, 9 మిల్లీమీటర్ల చిన్న పొంగులు బోలెడు. కారణం మన మట్టిలో, నీటిలో ఉండే టీబీ క్రిమికి దూరపు బంధువులైన క్రిములు. అవి జబ్బు చేయకపోయినా, ఆ పరిచయంతోనే చర్మం కాస్త ఉబ్బుతుంది. మద్రాసుకు ఆనుకునున్న చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలైన పెద్ద బీసీజీ అధ్యయనంలో ఈ బంధువుల నుంచి తీసిన ద్రవంతో కూడా పక్కనే పరీక్ష చేస్తే, పెద్దవాళ్ళలో చాలా ఎక్కువమంది దానికి స్పందించారు.

ఇప్పుడు మోతాదు ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. డోసు పెంచితే ఈ చిన్న పరిచయాలన్నీ పెద్ద పొంగులై కనబడతాయి. అందుకే బెంగళూరులోని జాతీయ టీబీ సంస్థ పిల్లల సర్వేల్లో ఆర్‌టీ23 అనే ట్యూబర్‌క్యులిన్‌ను ఒక్క యూనిట్ మాత్రమే వాడింది. ఇన్ఫెక్షన్‌ను గుర్తించడానికి మన జాతీయ కార్యక్రమం చెప్పేది 2 యూనిట్లు. కొన్ని ప్రైవేటు ల్యాబుల్లో 5, ఒక్కోసారి 10 యూనిట్లు ఎక్కిస్తారు, కొలిచేది మాత్రం అదే 10 మిల్లీమీటర్ల హద్దుతో. అమెరికా పుస్తకాల్లో 5 యూనిట్లని చదివి ఆర్‌టీ23ని కూడా 5 ఎక్కించడం పొరపాటు. అక్కడ వాడే పీపీడీ అనే ట్యూబర్‌క్యులిన్ 5 యూనిట్లకు దాదాపు సమానమైనది ఆర్‌టీ23 రెండు యూనిట్లే.

సర్వే కోసం చేసే పరీక్ష వేరే పని చేస్తుంది. అక్కడ ఒక్కో పిల్ల గురించి తీర్పు అక్కర్లేదు. సగటున ఎనిమిదేళ్ళ వయసున్న పిల్లల్లో నూటికి పదిమందికి ఇన్ఫెక్షన్ ఉందని తేలితే, ఏటా దాదాపు నూటికి 1.3 మందికి సోకుతోందని లెక్కగట్టవచ్చు. ఊళ్ళో వైద్యం అందని రోగులు ఎంతగా క్రిములు పంచుతున్నారో ఆ అంకె చెబుతుంది. 2000–2003 మధ్య దేశాన్ని నాలుగు మండలాలుగా విడదీసి చేసిన సర్వేలో ఈ వార్షిక ముప్పు సుమారు 1.5 శాతమని తేలింది. ఉత్తరాదిలో ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ. ఇలాంటిచోట కొన్ని తప్పు పాజిటివ్‌లు ఉన్నా, అవి ఎంతో అంచనా ఉంటే లెక్కలో సర్దుకోవచ్చు. ఒక పిల్లకు నెలల తరబడి మందులివ్వాలా అన్న నిర్ణయంలో అలా సర్దుకోలేం.

అందుకే బడిలో అందరికీ మాంటూక్స్ చేద్దామనే ఆలోచన వినడానికి బాగుంటుంది గానీ లెక్క వేస్తే నిలబడదు. ఉదాహరణకు వెయ్యిమంది పిల్లల్లో నిజంగా సోకినవాళ్ళు 50 మంది అనుకుందాం. పరీక్ష సోకినవాళ్ళలో నూటికి 90 మందిని పట్టుకుంటుంది, సోకనివాళ్ళలో నూటికి ఐదుగురిని పొరపాటున పట్టుకుంటుంది. అప్పుడు సరైన పాజిటివ్‌లు 45, తప్పువి దాదాపు 47. అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి ఇద్దరిలో ఒకరికి ఏమీ లేదు. అదే పరీక్షను టీబీ రోగుల ఇళ్ళలోని వెయ్యిమంది పిల్లలకు చేశామనుకోండి, వాళ్ళలో 300 మందికి సోకి ఉంటే సరైనవి 270, తప్పువి 35. సూది మారలేదు, మోతాదు మారలేదు, ఎవరికి చేశామన్నదే మారింది. అమెరికా 2000లో అందరికీ చేయడం మాని, ముప్పున్న పిల్లలకే చేయాలని తేల్చింది ఈ లెక్కతోనే. అక్కడ హద్దులు కూడా మనిషినిబట్టి మూడు: రోగితో కలిసున్నవాళ్ళకు 5, టీబీ ఎక్కువున్న దేశం నుంచి వచ్చినవాళ్ళకు 10, ఏ ముప్పూ లేనివాళ్ళకు 15 మిల్లీమీటర్లు.

ఇక బీసీజీ. ‘టీకా వేయించాం కదా, పాజిటివ్ అందుకే వచ్చింది’ అని పెద్ద పొంగును కూడా కొట్టిపారేయడం మన ఇళ్ళలో మామూలు. పుట్టగానే వేసిన బీసీజీ ప్రభావం ఏళ్ళు గడిచేకొద్దీ చర్మపరీక్షలో సన్నగిల్లుతుంది, పదేళ్ళు దాటిన పిల్లల్లో చాలా తక్కువ. బడి వయసులో వేస్తే మాత్రం ఎక్కువకాలం నిలుస్తుంది. కాబట్టి పన్నెండేళ్ళ తెలుగు పిల్లకు 17 మిల్లీమీటర్లు వస్తే దాన్ని టీకా మీదికి నెట్టడం సబబు కాదు. అమెరికా వెళ్ళే మన కుటుంబాలకు ఈ గొడవ బాగా తెలుసు. అక్కడి వలస వైద్యపరీక్షల్లో 2018 నుంచి రెండేళ్ళు దాటిన పిల్లలకు చర్మపరీక్ష బదులు ఇగ్రా అనే రక్తపరీక్ష అడుగుతున్నారు. టీబీ క్రిమిలో ఉండి, బీసీజీ టీకాలో వాడే క్రిమిలో లేని రెండు ప్రొటీన్లనే అది వాడుతుంది కాబట్టి టీకా దాన్ని తికమకపెట్టదు.

అవే రెండు ప్రొటీన్లతో కొత్తతరం చర్మపరీక్షలూ వచ్చాయి. రష్యాలో డయాస్కిన్‌టెస్ట్, చైనాలో ఇంకొకటి, డెన్మార్క్‌లో పుట్టి పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తున్న సై-టీబీ. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ తరహా పరీక్షలను వాడవచ్చని చెప్పింది. సై-టీబీకి హద్దు ఒక్కటే, 5 మిల్లీమీటర్లు, బీసీజీ వేసినా వేయకపోయినా. రష్యాలో చిన్నపిల్లలకు ఏటా మాంటూక్స్, ఎనిమిదేళ్ళ నుంచి డయాస్కిన్‌టెస్ట్ చేస్తున్నారు. ఇవి మన నేలకు బాగా పనికొస్తాయని నమ్ముతున్నాను. టీకా వల్ల వచ్చే చిక్కుతోపాటు, మట్టిలో ఉండే చాలా క్రిములవల్ల వచ్చే చిక్కు కూడా వీటితో తీరుతుంది. అయితే చేసేది మాంటూ పద్ధతిలోనే: అదే సన్నని సూది, అదే 0.1 మిల్లీలీటరు, రెండు మూడు రోజుల తర్వాత అదే స్కేలు. నైపుణ్యం, రెండోసారి రావడం అన్న రెండు సమస్యలూ అలాగే ఉన్నాయి. ఇవీ, ఇగ్రా కూడా ఇన్ఫెక్షన్‌కూ జబ్బుకూ తేడా చెప్పలేవు.

ఇదంతా ఇంట్లో పిల్లల దగ్గరికి వచ్చేసరికి, రిపోర్టులో ‘పాజిటివ్’, ‘స్ట్రాంగ్లీ పాజిటివ్’ అన్న మాటలొక్కటే ఉంటే సరిపోదు. ఎన్ని మిల్లీమీటర్ల గట్టితనం, ఏ ట్యూబర్‌క్యులిన్, ఎన్ని యూనిట్లు, ఎన్ని గంటలకు చూశారు, ఇవి రాసి ఇవ్వమని అడగాలి. ల్యాబువాళ్ళు విసుక్కున్నా సరే. తట్టు టీకా ఈమధ్యే వేయించి ఉంటే ముందే చెప్పాలి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగడం మంచిది. పాజిటివ్ వస్తే తర్వాతి మెట్టు ఎక్స్‌రే, డాక్టరు పరీక్ష, లక్షణాలుంటే కఫం లేదా కడుపులోంచి తీసిన ద్రవంలో క్రిమి కోసం వెతకడం. ఒక్క మాంటూక్స్ చూసి పూర్తి టీబీ కోర్సు మొదలుపెట్టకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా ఊపిరితిత్తుల టీబీ తేలి, పక్కనే ఐదేళ్ళలోపు బిడ్డ ఉంటే మాత్రం ఈ పోలికలేవీ అక్కర్లేదు. జబ్బు లేదని డాక్టరు నిర్ధారించుకున్నాక, ఏ చర్మపరీక్ష కోసమూ ఆగకుండా ఆ బిడ్డకు ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టమనే మన జాతీయ కార్యక్రమం చెబుతోంది. ఆ మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు.